మీ బండి ఏ తరానిదో ముందు చెప్పండి

ఈసారి వచ్చిన ఉత్తరాలన్నీ స్పోర్ట్స్ కార్ల గురించే, అదీ సొంతంగా రిపేర్ చేసుకునేవాళ్ళవి. 1970 నాటి బండి నుంచి నిన్నగాక మొన్న వచ్చిన బండి దాకా ఉన్నాయి. చదువుతుంటే భలే సంతోషమేసింది, కాకపోతే ఒక్క మాట, చాలామంది బండి ఏ సంవత్సరందో రాయట్లేదు. "నా ఎంఎక్స్5 క్లచ్ పట్టట్లేదు" అని ఒక్క ముక్క రాస్తే నేనేం చెప్పగలను, మాజ్డా వాళ్ళవి ఆ పేరు మీద 1989 నుంచి ఇప్పటికి 4 తరాల బండ్లు వచ్చాయి, ఒక తరానికి బెల్టు, ఇంకో తరానికి చైను, ఒకదానికి స్క్రూడ్రైవర్ చాలు, ఇంకోదానికి లాప్‌టాప్ కావాలి. సంవత్సరం, ఇంజను సైజు, ఎప్పుడు మొదలైంది, చల్లగా ఉన్నప్పుడా వేడెక్కాకా, ఈ నాలుగూ రాయండి, సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

ప్రశ్న: అన్నా, నాది 1970 ఎంజీబీ. మూడేళ్ళు కదలకుండా పడుంది. ఇప్పుడు స్టార్ట్ అవుతోంది గానీ యాక్సిలరేటర్ తొక్కగానే ఒక్క క్షణం ప్రాణం పోయినట్టయి, తర్వాత అందుకుంటోంది. అందరూ రెండు కార్బొరేటర్లూ విప్పి కిట్లు వేసేయమంటున్నారు. నేనే చేసుకుందామనుకుంటున్నా, ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: తమ్ముడూ, కార్బొరేటర్లు విప్పకు, ఇప్పుడే వద్దు. ముందు బానెట్ ఎత్తి ఆ రెండు ఎస్‌యూ కార్బొరేటర్ల నెత్తి మీదున్న నల్ల మూతలు చేత్తో తిప్పి పైకి తీయి, కింద సన్న కడ్డీ లాంటి డ్యాంపర్ వస్తుంది. మళ్ళీ లోపలికి దించుతుంటే తేనెలో పుల్ల దించినట్టు మెత్తగా అడ్డుపడాలి. సర్రున జారిపోయిందంటే లోపల ఆయిల్ లేదు. నువ్వు రాసిన లక్షణం అచ్చం అదే. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు లోపలి పిస్టన్ ఒక్కసారిగా ఎగిరిపోకుండా ఆ ఆయిల్ పట్టి ఆపుతుంది, అప్పుడే ఆ క్షణానికి కావాల్సిన పెట్రోల్ ఎక్కువగా అందుతుంది, ఆయిల్ లేకపోతే పిస్టన్ గబుక్కున లేచి ఒట్టి గాలి లోపలికి పోతుంది, ఇంజను దగ్గుతుంది. 20 గ్రేడు ఇంజను ఆయిల్ కొంచెం పోస్తే చాలు, పిస్టన్ లోపలి గొట్టం అంచు కన్నా అర అంగుళం పైదాకా. దీనికి రెండు నిమిషాలు.

దాంతో పోకపోతే అప్పుడు వరసగా వెళ్ళాలి, ఆ వరస తప్పకూడదు. వాల్వ్ క్లియరెన్స్, తర్వాత పాయింట్లు (డిస్ట్రిబ్యూటర్ లోపల స్పార్క్ పుట్టించే కాంటాక్టులు), తర్వాత ఇగ్నిషన్ టైమింగ్, ఈ మూడూ అయ్యాకే కార్బొరేటర్. మిగతా మూడూ సరిగ్గా ఉన్నప్పుడే కార్బొరేటర్ సెట్టింగ్‌కి అర్థం, లేదంటే ఒక తప్పుని ఇంకో తప్పుతో కప్పెట్టినట్టు అవుతుంది, వారం తిరక్కుండా మళ్ళీ అదే గొడవ.

వాల్వులకి ఇంజను పూర్తిగా చల్లారాలి, గ్యాప్ 0.015 అంగుళాలు. మొత్తం 8 వాల్వులు, దీనికి తొమ్మిది లెక్క ఉంది, 8వ వాల్వ్ పూర్తిగా కిందకి తొక్కుకుని ఉన్నప్పుడు 1వ వాల్వ్ సెట్ చేయి, 7 తొక్కుకున్నప్పుడు 2, అలా రెండూ కలిపితే ఎప్పుడూ 9 రావాలి. ప్లగ్గులు తీసేస్తే ఇంజను చేత్తో సులువుగా తిరుగుతుంది. ఫీలర్ గేజ్ మరీ వదులుగా జారకూడదు, అలాగని లాగితే వంగకూడదు, పుస్తకం పేజీల మధ్య నుంచి కాగితం లాగినట్టు కొంచెం పట్టుకుంటూ రావాలి. మొదటి రెండు మూడు వాల్వులకి చేతికి తెలియదు, ఎనిమిదీ అయ్యాక మళ్ళీ మొదటిదానికి వచ్చి చూడు, తప్పు నీకే తెలుస్తుంది. పాయింట్లది కూడా దాదాపు అదే గ్యాప్, 0.015.

కార్బొరేటర్ చివర్లో. కింద చిన్న పిన్ను ఉంటుంది, ఇంజను ఐడిల్‌లో తిరుగుతుండగా దాంతో పిస్టన్‌ని ఒక్క మిల్లీమీటర్ లేపు. స్పీడు పెరిగి అలాగే ఉండిపోతే పెట్రోల్ ఎక్కువైంది, వెంటనే పడిపోతే తక్కువైంది, కొంచెం పెరిగినట్టే పెరిగి మామూలుకొస్తే సరిగ్గా ఉంది. ఇంత తేలిగ్గా తన మనసులో మాట చెప్పే యంత్రం తర్వాతి తరాల్లో రాలేదు, నాకు ఎస్‌యూ కార్బొరేటర్లంటే అందుకే అంత ఇష్టం.

ఇంకో రెండు. మూడేళ్ళ పాత పెట్రోల్ మొత్తం తీసేయి, రబ్బరు ఫ్యూయల్ గొట్టాలు వేలితో వంచి చూడు, పగుళ్ళు కనబడితే స్టార్ట్ చేయడం ఆపి ముందు అవి మార్చు, ఈ బండ్లు తగలబడేది ఎక్కువగా అక్కడే. రెండోది, దీని బోల్టులు అంగుళాల లెక్కవి. అర అంగుళం తల మీద 13 ఎంఎం పానా కూర్చున్నట్టే ఉంటుంది, కానీ అర అంగుళం అంటే 12.7, ఆ 0.3 తేడాకే గట్టి బోల్టు మూలలు గుండ్రమైపోతాయి. అంగుళాల సెట్టు విడిగా పెట్టుకో, మిల్లీమీటర్ల సెట్టుతో కలపకు. 1967లో మార్క్ 2 వచ్చేదాకా ఎంజీబీలో పాజిటివ్ ఎర్త్, అంటే బ్యాటరీ ప్లస్ వైపు బాడీకి కలిపి ఉండేది, నీది దాని తర్వాతది కాబట్టి ఫర్వాలేదు, కానీ పాత ఎంజీబీ ఉన్న వేరేవాళ్ళు ఇది చదువుతుంటే బ్యాటరీ పెట్టేముందు ఒక్కసారి ఆగి చూస్కోండి.

ప్రశ్న: సార్, 1990 మాజ్డా ఎంఎక్స్5, 1.6. క్లచ్ పెడల్ ఉదయం బాగానే ఉండి సాయంత్రానికి నేలకి తగులుతోంది. పంప్ చేస్తే గేరు పడుతోంది. టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారో కూడా తెలీదు. రెండూ ఇంట్లోనే చేయొచ్చా? ఇంతకు ముందు ఆయిల్ మార్చడం తప్ప ఏమీ చేయలేదు.

జవాబు: చేయొచ్చండి, రెండూ చేయొచ్చు, నేర్చుకోడానికి ఇంతకన్నా మంచి బండి దొరకదు. చెయ్యి పట్టే చోటుంది, ఇంజను నిలువుగా కూర్చుంది, దాచిపెట్టిన బోల్టు దాదాపు ఉండదు.

క్లచ్ సంగతి. పంప్ చేస్తే గేరు పడుతోందంటే క్లచ్ ప్లేటు కాదు, హైడ్రాలిక్. గేర్‌బాక్స్ పక్కన చిన్న స్లేవ్ సిలిండర్ ఉంటుంది, దాని రబ్బరు టోపీ అంచు వేలితో కొంచెం ఎత్తి చూడండి, నల్లటి ద్రవం కారిందా, దొరికిపోయినట్టే. పొడిగా ఉంటే లోపల క్లచ్ పెడల్ పైన, మాస్టర్ సిలిండర్ కడ్డీ గోడలోంచి వచ్చే చోట తడి ఉందేమో చూడండి. నా సలహా ఏంటంటే స్లేవ్, మాస్టర్, మధ్యలో రబ్బరు గొట్టం మూడూ ఒకేసారి మార్చేయండి, కొత్త స్లేవ్ వేశాక ప్రెషర్ పెరిగి పాత మాస్టర్ సీలు పోవడం చాలా మామూలు, అప్పుడు మళ్ళీ అదే పని, మళ్ళీ ఎయిర్ తీయడం. పైపు నట్టుకి మామూలు పానా వాడకండి, ఫ్లేర్ నట్ స్పానర్ అని నోరు కొంచెం తెరిచున్న రింగు పానా వస్తుంది, అదే వాడండి. ఆ నట్టు మెత్తటిది, తల గుండ్రమైతే మొత్తం పైపు మార్చాల్సొస్తది. ఇంకొకటి, ఆ ద్రవం పెయింట్ మీద పడితే పెయింట్ లేచిపోద్ది, పక్కన ఒక బకెట్ నీళ్ళు పెట్టుకోండి, పడగానే పోసేయండి.

టైమింగ్ బెల్టు. మాజ్డా చెప్పిన లెక్క 60,000 మైళ్ళు, అంటే సుమారు 96,000 కిలోమీటర్లు. మంచి మాట ఏంటంటే ఈ 1.6 ఇంజన్లో బెల్టు తెగినా వాల్వులు పిస్టన్‌కి తగలవు, బండి ఆగిపోతుందంతే. అందుకే మొదటిసారి బెల్టు మార్చేవాళ్ళకి ఇది భయం లేని ఇంజను. బెల్టుతో పాటు టెన్షనర్, ఐడ్లర్, వాటర్ పంప్, ముందున్న ఆయిల్ సీళ్ళు కూడా మార్చండి, అంతదాకా విప్పి వాటర్ పంప్ వదిలేయడం దండగ. పాత బెల్టు తీసేముందు రెండు క్యాం పుల్లీల మీద, బెల్టు మీద, కింద క్రాంక్ దగ్గర పెయింట్‌తో గీతలు పెట్టండి, ఫోన్లో నాలుగు వైపుల నుంచి ఫోటోలు తీయండి. కొత్త బెల్టు వేశాక ఇంజనుని సెల్ఫ్ కొట్టి చూడొద్దు, చేత్తో రెండు చుట్లు పూర్తిగా తిప్పి గీతలు మళ్ళీ ఎదురెదురుగా వచ్చాయో లేదో చూడండి.

ఇప్పుడు మీ సంవత్సరం బండికి మాత్రమే ఉన్న ఒక విషయం, దీనికోసమే నేను సంవత్సరం అడుగుతాను. తొలి 1.6 బండ్లలో, దాదాపు 1991 మొదటి భాగం దాకా, క్రాంక్ షాఫ్ట్ ముక్కు పొట్టిగా ఉంటుంది. క్రాంక్ పుల్లీ మధ్యలో చూస్తే గాడ్లు 4 ఉంటే పొట్టి ముక్కు, 8 ఉంటే పొడుగు ముక్కు. పొట్టిదాంట్లో ముందు పెద్ద బోల్టు సరిగ్గా బిగించకపోతే పుల్లీ కొంచెం కొంచెంగా ఆడుతూ లోపలి కీని, కీ కూర్చునే గాడిని తినేస్తది, టైమింగ్ తప్పుద్ది, పవర్ పోద్ది, చివరికి క్రాంక్ మార్చే దాకా వస్తుంది. ఇంజను తిరుగుతున్నప్పుడు ఆ పుల్లీ వైపు వంగి ఒక నిమిషం చూడండి, బొంగరం ఆగేముందు ఊగినట్టు ఊగుతోందా? ఊగకపోతే మీ అదృష్టం, విప్పినప్పుడు కీ అరిగిందేమో చూసి కొత్త కీ, కొత్త బోల్టు వేసి, టార్క్ రెంచ్‌తో మాన్యువల్‌లో ఉన్న అంకెకి బిగించండి, చేతి అంచనా అక్కడ పనికిరాదు. ఊగుతుంటే బెల్టు సామాన్లు కొనకముందే నాకు మళ్ళీ రాయండి.

ఆఖర్న టైమింగ్ లైట్‌తో చూస్కోండి. ఇంజను పక్కన డయాగ్నసిస్ అని రాసున్న చిన్న డబ్బా మూత తీస్తే లోపల టీఈఎన్, జీఎన్‌డీ అని పిన్నులుంటాయి, ఆ రెంటినీ చిన్న వైరు ముక్కతో కలిపితేనే కంప్యూటర్ తన సర్దుబాటు ఆపుతుంది, అప్పుడు 10 డిగ్రీలు రావాలి. వైరు పెట్టకుండా చూస్తే అంకె నాట్యం చేస్తది, ఏమీ తేలదు.

ప్రశ్న: నమస్తే అన్నయ్యా, నాది 2004 బీఎమ్‌డబ్ల్యూ జెడ్4, 3 లీటర్ల ఇంజను. చెక్ ఇంజన్ లైటు వెలిగింది. చిన్న స్కానర్ కొని పెడితే పీ0171, పీ0174 రెండూ వచ్చాయి. ఆక్సిజన్ సెన్సర్లు మార్చమని చదివాను. మార్చేయనా?

జవాబు: వద్దు చెల్లీ, సెన్సర్లు కొనకు. ఆ రెండు కోడ్‌లూ ఏమంటున్నాయంటే రెండు బ్యాంకుల్లోనూ, అంటే సిలిండర్ల రెండు గుంపుల్లోనూ, గాలి ఎక్కువ, పెట్రోల్ తక్కువ అని. అది చెప్తున్నది ఆ ఆక్సిజన్ సెన్సర్లే, పైగా రెండూ ఒకే మాట చెప్తున్నాయి. రెండు సెన్సర్లు ఒకే రోజు ఒకే రకంగా పాడవడం ఎంత అరుదో ఆలోచించు. రెండు బ్యాంకులకీ ఉమ్మడిగా ఉన్నచోట వెతకాలి, అంటే గాలి లోపలికొచ్చే దారి, లేదా పెట్రోల్ వచ్చే దారి.

ఏదో ఎలా తెలుస్తుందంటే నీ స్కానర్లో లైవ్ డేటా ఉంటుంది, అందులో షార్ట్ టర్మ్, లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ అని రెండు అంకెలు కనిపిస్తాయి, కంప్యూటర్ పెట్రోల్‌ని ఎంత శాతం పెంచిందో తగ్గించిందో అవి చెప్తాయి. ఇంజను బాగా వేడెక్కాక ఐడిల్‌లో రెండూ కూడి రాస్కో, తర్వాత 2500 ఆర్‌పీఎం దగ్గర పట్టి ఉంచి మళ్ళీ రాస్కో. ఐడిల్‌లో 20 శాతం పైన ఉండి 2500 దగ్గర 5కి పడిపోతే ఎక్కడో గాలి దొంగతనంగా దూరుతోంది, ఎందుకంటే ఇంజను తక్కువ గాలి పీల్చేటప్పుడు ఆ చిన్న లీకు పెద్ద వాటా, ఎక్కువ పీల్చేటప్పుడు లెక్కలోకి రాదు. దానికి తిరగబడి, బండి మీద భారం పడేకొద్దీ అంకె పెరుగుతుంటే పెట్రోల్ చాలట్లేదు, పంపు, ఫిల్టరు, లేదంటే గాలిని కొలిచే సెన్సర్ మురికి పట్టడం.

నా పందెం మొదటిదాని మీద. ఈ ఇంజన్లో ఎయిర్ ఫిల్టర్ డబ్బా నుంచి థ్రాటిల్ దాకా మడతలు మడతలుగా రబ్బరు గొట్టాలున్నాయి, రెండు ముక్కలు. పైనుంచి చూస్తే కొత్తవాటిలా మెరుస్తుంటాయి. పగులు ఎప్పుడూ కింద వైపు మడత లోతులో ఉంటుంది, ఇంజను ఊగినప్పుడల్లా తెరుచుకుంటూ మూసుకుంటూ. గొట్టాన్ని బయటకి తీసి, రెండు చేతులతో అకార్డియన్ లాగినట్టు లాగి, వెలుతురుకి ఎదురుగా పట్టుకుని చూడు. క్లిప్పులు రెండు వదులు చేస్తే చాలు, పావుగంట పని. అది బాగుంటే క్రాంక్‌కేస్ గాలి బయటకి తీసే ప్లాస్టిక్ గొట్టాలు చూడు, ఇరవయ్యేళ్ళ వేడికి అప్పడాల్లా అయిపోయుంటాయి, ముట్టుకుంటే విరుగుతాయి, కాబట్టి కొత్తవి చేతిలో ఉన్నప్పుడే ముట్టుకో.

ఇది ఎందుకింత గట్టిగా చెప్తున్నానంటే, నేను మొదట్లో కోడ్ చదివి దానికి ఎదురుగా రాసున్న పార్టు కొనేసేవాణ్ణి. ఒకసారి అలా వరసగా రెండు సెన్సర్లు, ఒక ఇగ్నిషన్ కాయిల్ మార్చి, లైటు ఆరక, నెల రోజుల తర్వాత చిటికెన వేలంత వాక్యూం గొట్టం ఊడి వేలాడుతుండటం చూశాను. ఆ సాయంత్రం ఇంకా గుర్తుంది. అప్పటి నుంచి కారణం కళ్ళారా చూడందే పార్టు కొననని పెట్టుకున్నాను, ఆ నియమమే నాకు నిజంగా మెకానిక్ పని నేర్పింది.

ప్రశ్న: 1993 కార్వెట్, ఎల్‌టీ1 ఇంజను. వాటర్ పంప్ దగ్గర కూలెంట్ కొంచెం కారుతోంది, పోస్తూ నడుపుతున్నా. అర్జెంటా?

జవాబు: చాలా అర్జెంటండి. ఈ ఇంజన్లో డిస్ట్రిబ్యూటర్, ఆప్టిస్పార్క్ అంటారు, సరిగ్గా ఆ వాటర్ పంప్ కింద ఇంజను మొహానికి బిగించి ఉంటుంది. పైనుంచి కారేది దాని మీదే పడుతుంది. లోపల వెలుతురుతో పనిచేసే సెన్సర్ ఉంది, తడి చేరిందంటే మిస్‌ఫైర్‌లు మొదలై ఎక్కడో ఆగిపోతారు. ఈ వారమే పంపు మార్చేయండి, ఇప్పుడైతే పంపు ఒక్కటే.

ప్రశ్న: గురువుగారూ, 2002 పోర్షా 911 కొన్నాను, 996 తరం. ఐఎంఎస్ బేరింగ్ గురించి చదివి నిద్ర పట్టట్లేదు. క్లచ్ ఇంకా బాగానే ఉంది. సొంతంగా మార్చుకోవచ్చా?

జవాబు: ముందు నిద్రపోండి, తర్వాత మాట్లాడుకుందాం. ఆ బేరింగ్ పోతే ఇంజను మొత్తం పోతుందనేది నిజం, ప్రతి బండిలోనూ పోతుందనేది నిజం కాదు.

అది క్రాంక్‌కీ క్యాంలకీ మధ్య తిరిగే ఇంటర్మీడియట్ షాఫ్ట్ (ఐఎంఎస్) చివర ఫ్లైవీల్ వైపు కూర్చున్న సీల్డ్ బాల్ బేరింగ్. మార్చాలంటే గేర్‌బాక్స్ దించాలి, క్లచ్, ఫ్లైవీల్ తీయాలి, క్రాంక్‌ని పిన్నుతో లాక్ చేయాలి, క్యాంలు కదలకుండా పట్టాలి, చైన్ టెన్షనర్లు వదులు చేయాలి, ఆ తర్వాతే బేరింగ్ బయటకి లాగాలి. మధ్యలో చైను ఒక్క పన్ను జారినా వాల్వులు పిస్టన్‌కి కొడతాయి. లిఫ్ట్ లేకుండా స్టాండ్ల మీద చేసినవాళ్ళు ఉన్నారు, కానీ వాళ్ళ మొదటి పని అది కాదు. మీ ఉత్తరంలో క్లచ్ ఇంకా బాగుందన్నారు కదా, క్లచ్ మార్చాల్సినప్పుడు ఎలాగూ గేర్‌బాక్స్ దిగుద్ది, అప్పుడు రెండూ కలిపి, ఇదివరకు చేసినవాళ్ళని పక్కన పెట్టుకుని చేయండి.

ఈలోగా మీరు చేయాల్సిన పని ఒకటుంది, అది ఇంట్లోనే. ప్రతి ఆయిల్ మార్పుకీ పాత ఫిల్టర్ పారేయకండి. బ్లేడుతో కోసి, లోపలి మడతల కాగితాన్ని పేపర్ పరిచినట్టు పరిచి, ఆయిల్ కారనిచ్చి, ఎండలో అటూ ఇటూ వంచి చూడండి. మెరుపులు కనబడితే అయస్కాంతం దగ్గర పెట్టండి, అంటుకుంటే ఉక్కు, అంటే బేరింగ్ లాంటిది, అంటుకోకపోతే అల్యూమినియం, అది వేరే కథ. నల్ల ప్లాస్టిక్ ముక్కలు ఎక్కువగా చైన్ గైడ్‌లవి. తేదీ, కిలోమీటర్లు రాసి ఫోటో తీసి పెట్టుకోండి, మూడు నాలుగు ఫిల్టర్లు అయ్యేసరికి మీ ఇంజను సంగతి మీకే అందరికన్నా బాగా తెలుస్తుంది.

2006 ప్రాంతం నుంచి పెద్ద బేరింగ్ వేశారు, దాన్ని ఇంజను విడగొట్టకుండా తీయలేరు, 2009 మోడల్ నుంచి వచ్చిన కొత్త ఇంజన్లలో అసలా షాఫ్టే లేదు. వీటికి ముందు, 1998 దాకా వచ్చిన ఎయిర్ కూల్డ్ 911లు ఉన్నవాళ్ళు కూడా రాశారు, ఆయిల్ ఎప్పుడూ తక్కువే చూపిస్తోందని. ఇంజను ఆపి చూస్తున్నారు మీరు. అది డ్రై సంప్ బండి, అంటే ఆయిల్ విడి ట్యాంకులో ఉంటుంది, బాగా వేడెక్కాక, చదునైన చోట, ఇంజను ఐడిల్‌లో తిరుగుతుండగానే డిప్‌స్టిక్ చూడాలి. ఆపి చూసి తక్కువుందని పోసేశారంటే ఎక్కువైన ఆయిల్ ఎయిర్ ఫిల్టర్ డబ్బాలోకి ఎక్కేస్తుంది.

ప్రశ్న: నా మాజ్డా ఆర్‌ఎక్స్8 ఆయిల్ తాగుతోంది. ఇంజను పోయినట్టేనా?

జవాబు: కాదు. దీంట్లో పిస్టన్లకి బదులు రోటర్లు తిరుగుతాయి, ఆ రోటరీ ఇంజను సీళ్ళ మీద ఆయిల్ చిలకరించి కాల్చుకునేలాగే తయారైంది, రెండు మూడు సార్లు పెట్రోల్ పోయించినప్పుడల్లా ఆయిల్ చూస్కోవడం దీనితో కాపురం. ఇంజను ఆరోగ్యం తెలియాలంటే కంప్రెషన్ చూడాలి, మామూలు గేజ్ కాదు, ఒక్కో రోటర్‌కి మూడు ముఖాలుంటాయి కాబట్టి మూడింటినీ విడివిడిగా చూపించే రోటరీ టెస్టర్ కావాలి. వేడిగా ఉన్నప్పుడు సెల్ఫ్ ఎక్కువసేపు కొట్టాల్సొస్తుంటే మాత్రం ఆలస్యం చేయకుండా ఆ టెస్ట్ చేయించండి.

ప్రశ్న: నాది 2020 టయోటా సుప్రా. కొత్త బండ్లలో మనం చేసుకునేది ఏమీ లేదు, అన్నీ కంప్యూటర్లే అంటున్నారు స్నేహితులు. నిజమేనా?

జవాబు: నిజం కాదండి, కాకపోతే కొత్త బండిలో పని ఎక్కడుందో అది మారింది. ఆయిల్, ఫిల్టర్లు, బ్రేక్ ప్యాడ్లు, డిఫరెన్షియల్ ఆయిల్, ప్లగ్గులు ఇవన్నీ మీవే. పానా పట్టేముందు తెలుసుకోవాల్సినవి మాత్రం పెరిగాయి.

2019లో వచ్చిన ఈ తరం సుప్రా బీఎమ్‌డబ్ల్యూ జెడ్4తో కలిసి పుట్టింది, 3 లీటర్ల ఇంజను బీ58, అది బీఎమ్‌డబ్ల్యూదే. కాబట్టి స్కానర్ కొనేటప్పుడు బీఎమ్‌డబ్ల్యూ భాష వచ్చినదే కొనండి. బ్యాటరీ మార్చారనుకోండి, కొత్త బ్యాటరీ పెట్టానని కంప్యూటర్‌కి చెప్పాలి, రిజిస్టర్ చేయడం అంటారు. బ్యాటరీ ముసలిదయ్యేకొద్దీ ఛార్జింగ్ మార్చుకుంటూ పోయే సిస్టమ్ అది, చెప్పకపోతే కొత్త బ్యాటరీని పాతదనుకునే ఛార్జ్ చేస్తూ ఉంటుంది, దాని ఆయుష్షు తగ్గుతుంది. వెనక బ్రేక్ ప్యాడ్లు మార్చేటప్పుడు పార్కింగ్ బ్రేక్ మోటారుని సర్వీస్ మోడ్‌లో పెట్టాలి, అలా పెట్టకుండా క్లాంప్‌తో పిస్టన్ వెనక్కి నొక్కితే లోపలి గేర్లు విరుగుతాయి.

బోల్టులు చూస్కోండి. ఈ తరం ఇంజన్లలో చాలా చోట్ల అల్యూమినియం బోల్టులు, సాగదీసి బిగించే బోల్టులు వాడారు, ఒకసారి విప్పితే పారేయాల్సిందే. "20 న్యూటన్ మీటర్లు, ఆపైన 90 డిగ్రీలు" అని మాన్యువల్‌లో ఉంటే, టార్క్ రెంచ్‌తో 20కి బిగించి, బోల్టు తల మీద పెయింట్ చుక్క పెట్టి, ఆ చుక్క పావు చుట్టు తిరిగేదాకా తిప్పాలి. ఎంజీబీలో చేతికి తెలిసేది ఇక్కడ చేతికి తెలియదు, ఆ అంకెల్నే నమ్మాలి.

ఒక్కచోట మాత్రం చెయ్యి పెట్టొద్దు, ఇది బతిమాలి చెప్తున్నా. డైరెక్ట్ ఇంజెక్షన్ హై ప్రెషర్ ఫ్యూయల్ లైను. పాత ఇంజెక్షన్ బండ్లలో 3 బార్ ఉండేది ఇక్కడ 200 బార్ పైనే. ఇంజను తిరుగుతుండగా ఆ యూనియన్ కొంచెం వదులైనా సన్నటి ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది, పైకి సూది పొడిచినంత గాయం కనిపిస్తుంది, లోపల వేలు పోతుంది. అలా ఎవరికైనా జరిగితే నొప్పి లేదు కదా అని ఊరుకోవద్దు, అప్పటికప్పుడు ఆస్పత్రికి వెళ్ళాలి.

ప్రశ్న: బ్రేక్ ఫ్లూయిడ్ డాట్ 5.1 పోయమన్నారు, దొరక్క డాట్ 5 తెచ్చా. ఒకటేగా?

జవాబు: కాదు, సీసా తెరవకండి. డాట్ 3, 4, 5.1 ఒక జాతి, డాట్ 5 సిలికాన్, వాటితో కలవదు. 5.1 దొరక్కపోతే ముందు మీ బండి రిజర్వాయర్ మూత మీద ఏం రాసుందో చూడండి, చాలా బండ్లకి రాసుండేది డాట్ 4. అది కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పీల్చుకుంటే 155కే మరుగుతుంది, కొండ దిగుతూ బ్రేకులు వేడెక్కినప్పుడు పెడల్ మెత్తబడేది అందుకే. రెండేళ్ళకోసారి మార్చండి.

ప్రశ్న: మా పాపకి 13 ఏళ్ళు. నేను మా 1995 ఎంఎక్స్5 కింద దూరినప్పుడల్లా వచ్చి పక్కన కూర్చుంటుంది, నేనూ చేస్తానంటుంది. ఏ పని ఇవ్వను? భయంగా కూడా ఉంది.

జవాబు: ఈ ఉత్తరం మూడుసార్లు చదివానండి. ప్లగ్గులు ఇవ్వండి. ఇంజను పూర్తిగా చల్లారాక నాలుగూ పైనుంచే, నిలబడి చేసే పని, బండి కింద దూరక్కర్లేదు. విప్పే ముందు గుంటల్లో దుమ్ము గాలితో ఊదించండి. తీసిన నాలుగు ప్లగ్గులూ 1, 2, 3, 4 వరసలో గుడ్డ మీద పెట్టించి, వాటి కొనల రంగు ఎలా ఉందో పాపనే చెప్పమనండి. లేత గోధుమ రంగైతే బాగుంది, మసి పట్టినట్టు నల్లగా ఉంటే పెట్రోల్ ఎక్కువ, తడిగా నిగనిగలాడుతుంటే ఆయిల్. ఒకటి మాత్రం వేరే రంగులో ఉంటే ఆ సిలిండర్ ఏదో చెప్తోంది.

కొత్తవి పెట్టేటప్పుడు జానెడు రబ్బరు ఫ్యూయల్ గొట్టం ఇవ్వండి, ప్లగ్గు వెనక భాగానికి తొడిగి, దాన్నే వేళ్ళతో తిప్పుతూ మరల్లోకి ఎక్కించమనండి. వంకరగా ఎక్కుతుంటే గొట్టమే జారిపోతుంది తప్ప మరలు చెడవు, హెడ్ అల్యూమినియం కదా, అక్కడ మర పోతే పెద్ద పని. చివరి వరకూ వేళ్ళతో దిగాకే టార్క్ రెంచ్, 15 నుంచి 23 న్యూటన్ మీటర్ల మధ్య, క్లిక్ అనగానే ఆపమనండి. ఆ క్లిక్ చేతికి తగలడం ఆ వయసులో ఎవరూ మర్చిపోరు.

మీ భయం సరైనదే, దాన్ని వదులుకోవద్దు. జాక్ మీద మాత్రమే ఉన్న బండి కింద చెయ్యి కూడా పెట్టకూడదు, ఒక్క నిమిషం పనైనా సరే, మీరూ పెట్టకూడదు, ఎందుకంటే పాప చూస్తోంది. గట్టి నేల, చక్రాలకి అడ్డు, మాన్యువల్ చూపించిన చోటే జాక్, ఆపైన స్టాండ్లు, తీసిన చక్రం కూడా బండి అంచు కింద పడేయండి. జాక్ కొట్టే పని మీరే ఉంచుకోండి. బండి స్టాండ్ల మీదకి దిగాక, కింద ఎవరూ లేనప్పుడు, మీరిద్దరూ చెరోవైపు నిలబడి గట్టిగా ఊపి చూడండి, కదల్లేదు, దూరొచ్చు అనే మాట ప్రతిసారీ పాప నోటి నుంచే రానివ్వండి, ఆ మాట వినకుండా మీరు కిందకి వెళ్ళకండి.